రాయి కొట్టిన చెయ్యే చరిత్ర రాసింది

(నూజివీడు మామిడి తోటల ప్రాంతంలో కోత కూలీలు, క్వారీ పనివాళ్ళు కలిసి జరుపుకున్న రాత్రి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా చిక్కం పట్టి కాయ కోసి, గంపలు మోసి, ఇంటికిపోయి రెండు ముద్దలు తిని మళ్ళీ ఇక్కడికొచ్చారు. అలిసిన మనుషుల్ని కూర్చోబెట్టి ఊకదంపుడు ఉపన్యాసం ఇవ్వటం పాపం. అందుకని ఈ రాత్రి ఒక్క రాయి గురించే మాట్లాడతాను.

ఆ రాయి ఇదిగో, నా చేతిలోనే ఉంది. గ్రావెల్ క్వారీలో పనిచేసే మన తమ్ముడొకడు తెచ్చిచ్చాడు. అరచేతిలో ఇమిడిపోద్ది. ఒక పక్క నున్నగా ఉంది, రెండో పక్క పెచ్చులు లేపినట్టుంది. ఇది పాతకాలం పనిముట్టా, పొక్లెయిన్ పన్ను తగిలి పగిలిన ముక్కా అన్నది చదువుకున్నవాళ్ళకు చూపించి తేల్చుకుందాం. ఇస్తూ ఇస్తూ తమ్ముడు ఒక మాటన్నాడు. "సార్, ఇది పాతకాలందని బయటపెడితే ఆఫీసర్లొచ్చి గుట్ట చుట్టూ కంచె వేస్తారు. క్వారీ ఆగుద్ది. మా కూలి పోద్ది. కూలి పోయినాక ఈ చరిత్ర మాకెందుకు?"

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా చరిత్ర గొప్పలు చెప్పుకుంటే అది మోసమవుద్ది. జవాబు చివర్లో చెప్తాను. ముందు ఈ రాయి ఏం చెప్తదో వినండి.

మా తాత మొలలో ఒక చిన్న సంచి ఉండేది. అందులో చెకుముకి రాయి, ఇనప ముక్క, ఇంత దూది. అగ్గిపెట్టె కొనే పైసలు లేనివాడు రాయి మీద ఇనుము కొట్టి, నిప్పురవ్వ దూదికి అంటించి చుట్ట ముట్టించేవాడు. మనిషి ఆ జాతి రాళ్ళతో నిప్పు ఒక్కటే చేసుకోలేదు, కత్తులు చేసుకున్నాడు. ఐరోపాలో సుద్ద, సున్నపురాయి నేలల్లో దొరికేదాన్ని ఫ్లింటు అంటారు. మన దక్కనులో సున్నపురాయి పొరల మధ్య దొరికే దాని చుట్టాన్ని చెర్టు అంటారు. ఇది గాజు పగిలినట్టు పగులుద్ది. పగిలిన అంచు గడ్డం గీసే బ్లేడంత పదునుగా ఉంటది. ఇనుము రాకముందు, రాగి కూడా రాకముందు, వేటమాంసం కోసినా, తోలు గీసినా, కర్ర చెక్కినా రాయే.

రాయిని ఎవడైనా పగలగొడతాడు, అందులో విద్యేముంది అనుకుంటారేమో. నూజివీడు వాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆవకాయ కాయ కొట్టటం తెలుసుగా? పచ్చి కాయ, లోపల టెంక. దెబ్బ సరిగ్గా పడితే టెంకతో సహా రెండు చెక్కలవుద్ది. ప్రతి ముక్కకూ పెంకు అంటుకుని ఉంటది. దెబ్బ వంకర పోయిందా, కాయ నలుగుద్ది, లేకపోతే వేలు తెగుద్ది. వందల కాయలు కొట్టిన ఆమె కాయను ఒకసారి చేతిలో తిప్పి చూసి దెబ్బ వేస్తది. ఆ తిప్పి చూడటమే విద్య.

రాయి పనీ అంతే. ముద్దరాయిని ఒక చేత పట్టుకోవాలి. సుత్తిరాయి ఇంకో చేత. అంచుకు దగ్గరగా, ఏటవాలుగా కొట్టాలి. అప్పుడు కింది పక్క నుంచి పలచని పెచ్చు లేస్తది. దెబ్బ తగిలిన చోటికి కిందుగా ఆ పెచ్చు మీద చిన్న ఉబ్బు మిగులుద్ది. ఎండకీ వానకీ పగిలిన రాయికి సాధారణంగా అలాంటి గుర్తులు వరసగా ఉండవు. ఒక పెచ్చు తీసినాక రెండోది ఎక్కడ తియ్యాలో ముందే లెక్క చూసుకోవాలి. అంటే కొట్టే చేతికి ముందు బుర్ర నడవాలి. మా అమ్మ రోడ్డు పక్కన కంకర కొట్టింది. "రాయికి వాటం ఉంటదిరా, వాటం చూడకుండా కొడితే చెయ్యే పగులుద్ది" అనేది. బడి ముఖం చూడని మనిషి. ఆ మాటే తర్వాత పురావస్తు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లతో చదివి నేను సిగ్గుపడ్డాను.

ఇప్పుడు మీ కాయతోనే ఒక ఊరు పోదాం. మీరు కోసే బంగినపల్లి కాయకు ఆ పేరు ఎక్కడ నుంచొచ్చింది? రాయలసీమలోని బనగానపల్లె నుంచి. 2017లో ఆ కాయకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బనగానపల్లె ప్రాంతంలోనే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర ఉంది. అది మన దేశపు బూడిద గాదు. సుమారు 74,000 ఏళ్ళ కింద సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద సముద్రం దాటొచ్చి ఇక్కడ పడింది. శాస్త్రవేత్తలు తవ్వితే బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. 2007లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. కింది పనిముట్లకూ పైవాటికీ పోలిక ఉంది గనక, ఆ విపత్తులో కూడా ఇక్కడి మనుషులు తుడిచిపెట్టుకుపోలేదని వాళ్ళ వాదన. అదే లోయలో ఒక రాతి చరియ కింద సుమారు 35,000 ఏళ్ళ నాటి నుంచీ చేసిన గోరంత చిన్న రాతి బ్లేళ్ళు బయటపడ్డాయి.

మరి ఆ బూడిద ఏమైంది? గిన్నెలు తోమే పొడికి పనికొస్తదని తవ్వి అమ్మారు. 74,000 ఏళ్ళ సాక్ష్యం అంట్లగిన్నెల మీద పోయింది. తవ్వినవాళ్ళెవరు? మనలాంటి కూలీలే. వాళ్ళను నేను తప్పుపట్టను. పార పట్టినవాడికి అది బూడిదే. అదేంటో తెలిసినవాళ్ళకు వాళ్ళతో కూర్చుని చెప్పాల్సిన బాధ్యత ఉంది. సాక్ష్యం పోతే కూలోడి అజ్ఞానం అంటారు. సాక్ష్యం దొరికితే పండితుడి ప్రతిభ అంటారు. ఈ లెక్క మనకు కొత్తగాదు.

జ్వాలాపురం పనిముట్లు వాడిన చోటు. ఇక రాయి తీసిన చోటు, అంటే పాతకాలం క్వారీ చూడాలంటే కృష్ణా నది ఎగువకు పోవాలి. కర్ణాటకలో షోరాపూరు ప్రాంతంలోని ఇసాంపూరు. పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య 1997 నుంచి అక్కడ తవ్వకాలు జరిపించారు. అక్కడ సున్నపురాయి పలకలు పలకలుగా నేలలోంచి పైకి తేలి ఉంటది. ఆ పలకలు ఊడబెరికి, వేరే గట్టిరాళ్ళను సుత్తులుగా చేసుకుని చేతిగొడ్డళ్ళు, కత్తులు తయారుచేశారు. కొట్టిన రాయి, రాలిన పెచ్చులు, సగంలో వదిలేసిన సరుకు, పడేసిన సుత్తి అన్నీ కూర్చున్నచోటే దొరికాయి. జంతువుల పండ్ల మీద పరీక్ష చేసి దాని వయసు సుమారు 12 లక్షల ఏళ్ళని లెక్కగట్టారు. అప్పటికి మనలాంటి మనిషి ఇంకా పుట్టలేదు. మనకు ముందరి మానవజాతి. రాయి ఎన్నుకోవటం, తియ్యటం, చెక్కటం అంత పాత విద్య.

ఇంకో చోటు బళ్ళారి దగ్గర. 1953 దాకా ఆ జిల్లా మనతోపాటు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఈనాటికీ అక్కడ తెలుగు వినపడుద్ది. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్‌గల్ ఊళ్ళ నడుమ హిరేగుడ్డ అనే కొండ. కొండంతా గ్రానైటు. దాని మధ్యలో గోడ కట్టినట్టు నల్లరాయి, డోలరైటు చార పోతది. కొత్తరాతియుగం వాళ్ళు ఆ నల్లరాతిని తీసి గొడ్డళ్ళు చేశారు. మొదట పెచ్చులు లేపి మోటుగా ఆకారం తెచ్చారు. తర్వాత సన్నగా పొడిచి పొడిచి సమం చేశారు. చివరికి గ్రానైటు బండ మీద అరగదీసి నునుపు చేశారు. అరగదీసిన గాడులు బండల మీద పడ్డాయి. పోయిన మనిషి చేతిరాత అంటే అదే. సుమారు 3,400 నుంచి 3,200 ఏళ్ళ కింద అక్కడ గొడ్డళ్ళ పని బాగా పెరిగిందని 2003 తర్వాత జరిగిన తవ్వకాల్లో తేలింది. వాళ్ళు ఏం తిన్నారో కూడా మాడిన గింజలు చెప్పాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు. మన గంజిలో, మన గుగ్గిళ్ళలో ఉండే గింజలే.

మాంసం సంగతీ చెప్తాను, ఎందుకంటే అది దాచిపెడతారు. ఆ కాలం వాళ్ళు పశువుల మందలు పెంచారు. పేడ కుప్పలు తగలబెట్టిన బూడిద దిబ్బలు దక్కనులో చాలాచోట్ల ఉన్నాయి. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పండితుడు తవ్వాడు. షోరాపూరు ప్రాంతంలోని బూదిహాళ్‌లో పశువుల్ని కోసుకున్న చోటూ బయటపడింది, చెర్టు రాతి బ్లేళ్ళు చేసిన చోటూ బయటపడింది. గొడ్డును మేపినవాళ్ళే గొడ్డును తిన్నారు. ఇవాళ పెద్దకూర తిన్నందుకు మనల్ని కొట్టేవాళ్ళు చరిత్ర పేరు ఎత్తితే, ఈ దిబ్బల పేరు మీరు ఎత్తండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు మాలలు, మాదిగలు అని నేననను. అలా అంటే మనమూ దొంగ వంశావళి రాసుకున్నట్టే. రాజులు సూర్యుడికి పుట్టామని రాయించుకున్నారు, మనకు ఆ రోగం వద్దు.  మనం చెప్పాల్సింది వంశం గురించి గాదు, పని గురించి. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడే కొట్టాడు. బుర్ర ఒకడిది, చెయ్యి ఇంకొకడిది అనే విభజన ఆ రాతిపెచ్చులో లేదు. దాన్ని తర్వాత తెచ్చిపెట్టింది కులం. చేతిపని చేసేవాణ్ణి అంటరానివాడన్నది, చేతిపని ముట్టనివాణ్ణి జ్ఞాని అన్నది. కులం పనిని మాత్రమే పంచలేదు, పనిచేసే మనుషుల్ని కూడా విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. 12 లక్షల ఏళ్ళ విద్యను నిన్నగాక మొన్న వచ్చిన కులం 'మోటుపని' అన్నది.

రాయి కొట్టే చేతికి ఇవాళ విలువెంత? వడ్డెర అన్నలు కూడా ఈ రాత్రి మనతో కూర్చున్నారు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-ఎ జాబితాలో ఉన్నారు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే భోవి పేరుతో ఎస్సీ జాబితాలో ఉంటారు. సుత్తి అదే, దుమ్ము అదే, జాబితా వేరు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తది. దానికి నయం చేసే మందు లేదు.

మరి వేరే దేశాల్లో ఏం చేశారు? బెల్జియంలో స్పియెన్ అనే చోట కొత్తరాతియుగం వాళ్ళు ఫ్లింటు కోసం గనులు తవ్వారు. 2000లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలం అన్నారు. పోలండులో క్షెమియోంకి ఫ్లింటు గనులకు 2019లో అదే గౌరవం వచ్చింది. ఇంగ్లండులో గ్రైమ్స్ గ్రేవ్స్ దగ్గర దుప్పి కొమ్ముల్నే గునపాలు చేసుకుని 400 పైగా గోతులు తవ్వారు. ఆ గోతిలోకి దిగి చూట్టానికి జనం టిక్కెట్టు కొనుక్కుని పోతారు. అక్కడ రాజూ లేడు, గుడీ లేదు. గొయ్యి తవ్వినవాడి కష్టమే వారసత్వం. మన హిరేగుడ్డ ప్రాంతంలోనో, గ్రానైటు క్వారీలు ఆ పాత పనిచోట్లను కొంత మింగేశాయి. కొట్టితే గంటలా మోగే రాళ్ళు, వాటి మీద ఎద్దుల బొమ్మలు ఉన్న కొండ అది. పాతరాయి పనివాడి గుర్తును కొత్తరాయి పనివాడి చేతే చెరిపించారు. లాభం ఇద్దరిదీ గాదు.

ఇక తమ్ముడి ప్రశ్నకొస్తాను.

తమ్ముడూ, ఒక్క రాయి దొరికినంత మాత్రాన గుట్టకు కంచె పడదు. 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం కేంద్రం ఒక చోటును రక్షిత స్థలంగా ప్రకటించే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఆ చోటులో అంటించాలి. సంబంధం ఉన్న ఎవరైనా తమ అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. ఆ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా తవ్వకం, కట్టుబడి నిషేధం. దాని తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. రక్షిత స్థలాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఈ మాటలు కంట్రాక్టరుకు తెలుసు. మనకు తెలియకూడదని ఆయన కోరిక. అందుకే "నోరెత్తితే మీ కూలి పోద్ది" అని మీ చెవిలో ఊదుతాడు.

ఇంకో మాట. గుట్ట ఉన్నన్నాళ్ళే ఆ కూలి. గుట్ట అయిపోయినాక ఆయన ఇంకో గుట్ట చూసుకుంటాడు. మనకు మిగిలేది నీళ్ళు నిలిచే గుంట, తోటల మీద దుమ్ము, దగ్గు. కూలి పోవటం రెండు దారుల్లోనూ ఉంది. ఒక దారిలో గుట్ట కూడా పోద్ది. అయితే, పేదోణ్ణి తరిమేసి గేటు పెట్టుకునే రక్షణ కూడా మనకొద్దు. కంచె పడితే ఆ కంచె లోపల పని మనది కావాలి. ఇదే నా జవాబు. రాయినీ కాపాడాలి, రాయి కొట్టేవాణ్ణీ కాపాడాలి. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని లాక్కుంటే ఒప్పుకోం.

అందుకు చెయ్యాల్సిన పనులు చెప్తాను, సంఘం పెద్దలు రాసుకోండి.

ఒకటి. ఇలాంటి రాయిగానీ, పాత కుండపెంకుల కుప్పగానీ కనపడితే కదిలించొద్దు. శవాన్ని కదిలిస్తే పంచనామా ఎట్లా చెడుద్దో మనకు బాగా తెలుసు. రాయీ అంతే. ఏ పొరలో, ఏ లోతులో, దేని పక్కన ఉందో అదే దాని సాక్ష్యం. పక్కన పెన్నో రూపాయి బిళ్ళో పెట్టి ఫోటో తియ్యండి, చోటు గుర్తుపెట్టండి. తమ్ముడు ఇప్పటికే తీసుకొచ్చాడు గనక, రేపు పొద్దున్నే మనం పోయి తీసిన చోటు గుర్తు పెడదాం.

రెండు. అమ్మొద్దు. కొనేవాడొస్తే వాడి పేరు రాసుకోండి.

మూడు. తాసిల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు కాగితం మీద రాసివ్వండి. ఒక నకలు మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాట గాల్లో పోద్ది.

నాలుగు. ఎక్కడ తవ్వకం జరిగినా స్థానిక కూలీలకే పని, పనిలో శిక్షణ, నివేదికలో వాళ్ళ పేర్లు అడగండి. పుస్తకం అట్ట మీద తవ్వించినవాడి పేరుంటది. తవ్వినవాడి పేరు లోపలి పేజీలోనైనా ఉండాలి.

అయిదు. పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి మనకు దూరమేంగాదు. అది కేంద్రం రక్షణలో ఉన్న బౌద్ధ స్థలం. రెండు వేల ఏళ్ళ కిందట కొండను ఉలితో తొలిచి భిక్షువులకు గుహలు చేశారు. అక్కడ బుద్ధుడికి దణ్ణం పెట్టుకోండి, గోడ మీద ఉలిదెబ్బను కూడా చేత్తో చూపించండి. ఆ దెబ్బ వేసింది పనివాడు. నాగార్జునకొండ మ్యూజియంలో రాతియుగం పనిముట్లు కూడా ఉన్నాయి. గుండ్లకమ్మ ఎగువన రెట్లపల్లెలో దొరికిన పనిముట్ల వయసు సుమారు 1,39,000 ఏళ్ళని 2024లో ప్రకటించారు. మన నేల ఉత్త నేల గాదు.

మొన్న ఒక పెద్దమనిషి నాతో అన్నాడు, "మీవాళ్ళకు చరిత్రేముందయ్యా, శాసనం ఉందా, తాళపత్రం ఉందా?" అని. లేదు. అక్షరం మనకు దక్కనివ్వకుండా చేసి, ఇప్పుడు అక్షరం చూపించమంటున్నారు. అక్షరం పుట్టి ఐదువేల ఏళ్ళు దాటింది, అంతే. అంతకు ముందు లక్షల ఏళ్ళ మనిషి చరిత్ర అంతా రాతి మీదా, ఎముక మీదా, బూడిదలోనే ఉంది. దాన్ని రాసింది చెమట పట్టిన చెయ్యి. దాన్ని చదవటం మనం నేర్చుకోవాలి. మనం చదవకముందే ఎవడో కంకర చేసి అమ్ముకోకుండా చూసుకోవాలి.

రేపు పొద్దున కోతకు పోయే ముందు క్వారీ దగ్గర కలుద్దాం. పెన్నూ కాగితం తెచ్చుకోండి.

జై భీమ్.